సీతారాండేరాలో సముద్రం

సీతారాండేరా, జంషెడ్‌పూర్
12 జనవరి 2025

చిరంజీవి ప్రిస్సీకి,

జోజి మావయ్య దీవెనలు. దేవుని దయ వల్ల మేమిద్దరం కులాసా. మీ అమ్మకి, అంటే చిన్నప్పుడు నన్ను భీమిలి ఇసుకలో మెడదాకా పూడ్చి, ఆ సంగతి మరిచిపోయి అన్నానికి వెళ్ళిపోయిన మా అక్కకి, నా వందనాలు చెప్పు.

ఈ రోజుల్లో ఉత్తరమేమిటని నవ్వుకుంటూ ఉంటావు. ఫోన్‌లో నాకు వినపడదు. ఇనుము కాల్చి సుత్తులతో సాగగొట్టే ఫోర్జ్ షాపులో చెవులకి పెట్టుకోమని ప్లగ్గులిస్తే జేబులో వేసుకుని తిరిగిన మొనగాణ్ణి నేను. చెవి మెషీన్ పెట్టుకుంటే సీతారాండేరా మొత్తం ఒకేసారి మాట్లాడినట్టుంటుంది. వాట్సాప్ అంటావా, ఇంట్లో ఉన్న మంచి ఫోను మీ అత్తది. నువ్వేం పంపినా ముందు ఆవిడే చదువుతుంది. పోస్ట్‌మ్యాన్ వచ్చేసరికి ఆవిడ బళ్ళో పాఠాలు చెప్తూ ఉంటుంది కాబట్టి నాకు ఉత్తరమే క్షేమం.

ఇక విషయం. నువ్వు మీ ఇంట్లో గాజు తొట్టెలో ఉప్పునీళ్ళు పోసి సముద్రపు చేపల్ని పెంచుతున్నావు కదా. అలాంటిది నా హాల్లో పెట్టాలి. బజార్లో దొరికే ఎర్ర చేపలు కాదు, అసలు సిసలు సముద్రం కావాలి. మీ అత్త ఆలోచన నీకు తెలిసిందే. మార్చి నెలాఖరుకి రిటైరవుతుంది, అవగానే ఈ ఇల్లు అమ్మేసి భీమిలి పోదామంటోంది. ఇంటి కాగితాలకి జిరాక్సులు కూడా తీయించింది. అది చూసిన దగ్గర్నుంచి నాకు నిద్ర పట్టడం లేదు. అందుకే ఈ సముద్రం.

జువాలజీ లెక్చరర్‌వి, నీకు తెలిసిందంతా రాయి. తొట్టె ఎంతుండాలి, కింద స్టాండు ఎంత బరువు మోయాలి అన్నది ముందు రాయి. స్టాండు నేనే వెల్డింగ్ చేస్తాను, బయటివాళ్ళ చేతికి ఇచ్చేది లేదు.

జవాబు మధ్యాహ్నం టపాకే రావాలని ప్రార్థిస్తూ,
మావయ్య జోజి

*

విశాఖపట్నం
21 జనవరి 2025

మావయ్యకి ప్రిస్సీ వందనాలు.

నీ ఉత్తరం నాకంటే ముందు అమ్మ చదివేసింది. చదివి కొంగుతో కళ్ళు ఒత్తుకుని, "ఆడికి సంద్రం గురుతొచ్చిందే. ఇంక ఆగడు, వచ్చేత్తాడు" అని వీధంతా చెప్పుకొచ్చింది. నిద్ర పట్టకపోవడం నాకు అర్థమైంది మావయ్యా. ఇన్నేళ్ళ తర్వాత సొంతూరు వెళ్ళబోతుంటే ఎవరికి పడుతుంది? వచ్చేముందే సముద్రాన్ని మచ్చిక చేసుకుంటున్నావన్నమాట. నాకెంత ముచ్చటేసిందో.

తొట్టె రెండున్నర అడుగుల పొడవుంటే చాలు. మరీ చిన్నదైతే నీళ్ళు ఇట్టే పాడవుతాయి. నీళ్ళూ రాళ్ళూ కలిపి నూటయాభై కిలోలు తూగుతుందనుకో. ఇక్కణ్ణుంచి సముద్రం నీళ్ళు క్యాన్లలో పంపనా అని అమ్మ అడుగుతోంది. వద్దు, ఒడ్డు నీళ్ళలో నూనె, మురికి ఉంటాయి. ఆర్.ఓ. నీళ్ళలో సముద్రపు తొట్టెల కోసమే అమ్మే ఉప్పు కలుపు. వంటింటి ఉప్పు పనికిరాదు. అత్త డబ్బా జోలికి పోకు.

అడుగున ఇసుక, మీద బొరియలున్న రాళ్ళు, నీళ్ళని కదిలించే పంపు, పైన లైటు పెట్టు. తర్వాత నెల పైగా ఏమీ వెయ్యకుండా ఉంచాలి. ఆ రాళ్ళలో కంటికి కనపడని జీవాలు పుట్టాలి. చేపల మురికిని అవే తింటాయి. అవి లేకుండా చేపని వేస్తే దాని మురికే దానికి విషం. మన సముద్రంలో పగడాలు తీయడం నేరం కాబట్టి ఎవరైనా అమ్మజూపినా కొనకు. నా తొట్టెలోనే పెరిగిన మెత్తటి పగడం లాంటి జీవాలు, బటన్ పాలిప్స్ అంటారు, ఒక ముక్క పంపుతాను. గుండీలంత పువ్వుల్లా విచ్చుకుంటాయి.

ఒక్క మాట గుర్తుంచుకో: నీళ్ళలోకి ఇనుము పోనివ్వకు. ఉప్పునీళ్ళకి ఇనుమంటే ఆకలి. నీ స్టాండుకి కూడా రెండు కోట్లు ఎపాక్సీ పెయింటు వెయ్యి.

అత్తకి చెప్పనులే. అమ్మ నోరు మాత్రం నా చేతుల్లో లేదు.
ప్రిస్సీ

*

సీతారాండేరా
23 ఫిబ్రవరి 2025

ప్రిస్సీ తల్లికి,

స్టాండు చేశాను. దాని మీద ఏనుగు నిలబడ్డా కదలదు. స్పిరిట్ లెవెల్ పెడితే బుడగ సరిగ్గా మధ్యలో ఆగింది. మా పాత షాపు ఫోర్‌మన్ ఉంటే భుజం తట్టేవాడు. ఎపాక్సీ రెండు కోట్లు కాదు, మూడు వేశాను.

తొట్టెలో నీళ్ళు, రాళ్ళు ఉన్నాయి, పంపు తిరుగుతోంది. మిగతాది అంతా ఖాళీ. వీధిలో పిల్లలు వచ్చి ముక్కులు గాజుకి ఆనించి, "అంకుల్, మఛ్లీ కహాఁ హై?" అని చేపల కోసం అడుగుతున్నారు. "ఆనేవాలీ హై", వస్తాయిలే అంటే నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూసి పోతున్నారు. ఎదురింటి అప్పలసూరి సరేసరి. రోజూ టీ టైముకి వచ్చి కుర్చీ లాక్కుని, "ఏటి జోజీ, నీళ్ళకి కాపలా కాత్తన్నావా?" అని చెవిలో అరుస్తాడు. ఆ ఒక్కడి మాటే నాకు సుఖంగా వినపడుతుంది. రాళ్ళలో కంటికి కనపడని జీవాలు పుడుతున్నాయని చెప్పాను. "ఔనా? నాకూ కనపడట్లేదు" అన్నాడు.

మీ అత్త సంగతి. ఆవిడ నాతో మాట్లాడేది పలక మీదే అని నీకు తెలుసుగా. బడిపలక, సుద్దముక్క వంటింటి గుమ్మానికి వేలాడుతుంటాయి. తొట్టె చూసి, "ఇందులో ఏం పెడతావు?" అని రాసింది. నేను "సముద్రం" అని రాశాను. అది చెరిపేసి, వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ రోజు చేపల పులుసులో ఉప్పు ఎక్కువైంది. ఏదో పనిచేస్తోందని నాకు అనిపిస్తోంది.

మీ అమ్మ ఆశ పెట్టుకుందని రాశావు. నా అక్క మనసు కష్టపెట్టడం నాకు ఇష్టం లేదు. అందుకని ఇప్పుడే ఎవరికీ ఏమీ చెప్పొద్దని మాత్రం చెప్పు. మిగతాది తర్వాత రాస్తాను.

చేపలెప్పుడు?
నీళ్ళ కాపలాదారు,
జోజి

*

విశాఖపట్నం
4 మార్చి 2025

మావయ్యా,

ఉత్తరంతో పాటు నువ్వు పంపిన నీళ్ళ పరీక్ష రంగు కాగితాలు చూశాను. నీళ్ళు సిద్ధంగా ఉన్నాయి. మా కాలేజీలో పనిచేసే హరికిరణ్ వచ్చే వారం వాళ్ళన్న పెళ్ళికి మీ టాటానగర్ వస్తున్నాడు. అతని చేతికి థర్మకోల్ పెట్టె ఇస్తున్నాను. అందులో హేచరీలో పుట్టిన క్లౌన్ చేపలు రెండు, నారింజ రంగు మీద తెల్ల చారలతో ఉంటాయి. ఒక క్లీనర్ రొయ్య, ఎర్ర వీపు మీద తెల్ల గీత. చేపల ఒంటి మీది మురికిని ఏరుకు తింటుంది. నాచు తినే నత్తలు కొన్ని. రాయికి అతుక్కున్న బటన్ పాలిప్స్. రొయ్యని చూసి అత్త ఇగురు పెట్టకుండా చూసుకో.

సంచిలోంచి నేరుగా తొట్టెలోకి వంపకు. సన్న గొట్టంతో చుక్కచుక్కగా మీ నీళ్ళు సంచిలో కలుపుతూ గంట పైన అలవాటు చెయ్యి. వేసవి వస్తోంది, నీళ్ళు ఇరవై ఎనిమిది డిగ్రీలు దాటకూడదు. కరెంటు పోయి పంపు ఆగితే త్వరగా తెలుసుకోవాలి. దాని చప్పుడు మీద ఒక చెవి వేసి ఉంచు.

ఎవరికీ చెప్పొద్దన్నావని అమ్మకి చెప్పాను. "సర్‌ప్రైజ్ చేద్దామనుకుంటన్నాడు, నేనూ చేత్తాను" అంది. ఏం చేస్తోందో నాకు చెప్పడం లేదు. రోజూ బస్సెక్కి భీమిలి పోయి వస్తోంది.

అత్త రిటైర్మెంటుకి నా శుభాకాంక్షలు ఎలాగోలా అందజెయ్యి.
ప్రేమతో,
ప్రిస్సీ

*

సీతారాండేరా
9 ఏప్రిల్ 2025

ప్రిస్సీ తల్లీ,

అందరూ క్షేమంగా దిగారు. చేపలు రెండూ కొత్త దంపతుల్లా ఒకే మూల పట్టుకున్నాయి. రొయ్య రాతి కింద కాపురం పెట్టింది. చెయ్యి పెడితే వచ్చి నా గోళ్ళు శుభ్రం చేస్తుంది. ముప్పై ఏళ్ళ ఫోర్జింగ్ మసి దానికి పండగ. పాలిప్స్ లైటు వెయ్యగానే విచ్చుకుంటాయి. అప్పలసూరి ఇప్పుడు టీ చల్లారిపోయినా తొట్టె ముందునుంచి లేవడు. పంపు చప్పుడు మీద చెవి వెయ్యమన్నావే, ఏ చెవి వెయ్యాలో కూడా రాయాల్సింది.

ఇప్పుడు నీకు అసలు మాట చెప్పాలి. నువ్వూ మీ అమ్మా నన్ను పొరపాటుగా అర్థం చేసుకున్నారు. నాకు భీమిలి రావాలని లేదు. నా చర్చి, నా స్నేహితులు, నా పింఛను బ్యాంకు, నాకు అరిచి మాట్లాడే అప్పలసూరి ఇక్కడే ఉన్నారు. కొత్త ఊళ్ళో చెవిటివాడికి అరిచి చెప్పే ఓపిక ఎవరికుంటుంది? మీ అత్తకి సముద్రం కావాలి కాబట్టి సముద్రాన్నే ఇంటికి తెస్తే ఇల్లు అమ్మదని నా ఎత్తు.

ఎత్తు తిరగబడింది. రిటైరైన దగ్గర్నుంచి ఆవిడ ముఖంలో నవ్వు లేదు. గంటలకొద్దీ తొట్టె చూస్తుంది, తర్వాత ఏదో ఒకటి సర్దుతుంది. కుండీల్లో మొక్కలన్నీ ఇరుగుపొరుగుకి పంచేసింది. కరివేపాకు మొక్క అప్పలసూరికి వెళ్ళిపోయింది. ఆవిడ ప్రాణంలా పెంచుకున్న మొక్క అది. ఈ చేపల్ని చూసి ఆ సముద్రం మీద బెంగ ఇంకా పెరిగినట్టుంది. నా చేతులతో నేనే చేసుకున్నాను.

దానికి తోడు ఎండలు. నీళ్ళు ముప్పై ఒకటికి చేరాయి. ఫ్యాను పెట్టినా దిగలేదు. అందుకని బుర్ర వాడాను. ఇనుము వద్దన్నావు, ఆ మాట జవదాటను. ఏ.సీ. మెకానిక్ దగ్గర రాగి ట్యూబు తెచ్చి స్ప్రింగులా చుట్టాను. తుప్పు పట్టే మాటే లేదు. చుట్టని తొట్టెలో ముంచి, లోపల్నుంచి ఐసు నీళ్ళు తిప్పుతాను. చుట్టకి చుట్టకి మధ్య సందు ఒక్కలాగే ఉంది, చూస్తే ముద్దు పెట్టుకుంటావు. ఈ పదమూడున మట్టల ఆదివారం ఆరాధన అయ్యాక బిగిస్తాను.

ఇల్లు పోయినా రొయ్యకి మాత్రం చల్లగా ఉంటుంది.
మావయ్య

*

విశాఖపట్నం
16 ఏప్రిల్ 2025

మావయ్యా,

ఇది నీకు చేరేసరికి అంతా తేలిపోయి ఉంటుంది. అయినా రాయకుండా ఉండలేను. నిన్న మధ్యాహ్నం నీ ఉత్తరం చదువుతూ "రాగి ట్యూబు" దగ్గరికి రాగానే చెప్పులేసుకోకుండా వీధిలోకి పరుగెత్తాను, ఇంట్లో సిగ్నల్ ఉండదు. అత్తకి ఫోన్ చేసి, "తొట్టెలోంచి రాగి చుట్ట పీకెయ్యి, ముందు పీకి తర్వాత అడుగు" అన్నాను. ఉప్పునీళ్ళలో రాగి కొద్దికొద్దిగా కరుగుతుంది. చేపలు కొంత ఓర్చుకుంటాయి. రొయ్యలు, నత్తలు, పాలిప్స్ ఓర్చుకోలేవు. తప్పు నాది కూడా. ఇనుము అని రాసి ఊరుకున్నాను, అన్ని లోహాలూ అని రాయాల్సింది. నీలాంటి పనివాడికి ఒక్క లోహం పేరు చెప్పి ఆగితే ఎలా?

రెండో పిడుగు. అమ్మ మీ కోసం భీమిలిలో ఇల్లు ఖాయం చేసేసింది. కిటికీలోంచి సముద్రం కనపడుతుందట. నెల కిందటే అత్తకి ఫోన్ చేసి, "మా తమ్ముడు సంద్రం కోసం బెంగెట్టుకున్నాడు, మీరు వచ్చీడమే" అని చెప్పేసిందట. అత్త మొక్కలు పంచింది అందుకే! సముద్రం మీద బెంగ ఆవిడకి కాదు, నీకుందనుకుంటోంది. నీ ఎత్తు గురించి నేను అత్తతో ఒక్క మాటా అనలేదు. అది నువ్వే చెప్పాలి.

రొయ్య జాడ లేదని అత్త అంది, కనపడగానే రాయి. నాకు అన్నం దిగడం లేదు.
ప్రిస్సీ

*

సీతారాండేరా
21 ఏప్రిల్ 2025

అమ్మా ప్రిస్సీ,

ముందు అన్నం తిను. అందరూ బతికే ఉన్నారు. ఇక వరసగా చెప్తాను.

మంగళవారం భోజనం చేసి కుర్చీలో కునుకు తీస్తున్నాను. కాళ్ళకి తడి తగిలి కళ్ళు తెరిస్తే, మీ అత్త కొంగు నడుముకి దోపి, మోచేతులదాకా తొట్టెలో పెట్టి నా రాగి చుట్టని పీకుతోంది. ఫోన్ మోగింది నాకేం తెలుసు? నా మీద కోపం తొట్టె మీద తీర్చుకుంటోందనుకున్నాను. "ఏటి సేత్తన్నావే! నీకంత కానిదైపోయిందా?" అని ఇల్లు ఎగిరిపోయేలా అరిచాను. ఆవిడ ఏదో చెప్తోంది, నాకు పెదాలే కనపడుతున్నాయి. పలక వంటింట్లో ఉంది. చివరికి ఆవిడ నేల మీద కూలబడి, తడి వేలితో ఎర్ర గచ్చు మీద రాసింది: రాగి విషం. ప్రిస్సీ.

అప్పటిదాకా చుట్టల మధ్య సందులే చూసుకున్నాను గానీ తొట్టెని చూడలేదు. పాలిప్స్ అన్నీ పిడికిళ్ళు బిగించి ఉన్నాయి. నత్తలు తిరగబడి ఉన్నాయి. రొయ్య జాడ లేదు.

ఆ పూట మీ అత్తని చూడాల్సింది. బడిలో పిల్లలకి డ్రిల్లు చేయించినట్టు వీధినంతా కదిలించింది. అప్పలసూరి స్కూటరు మీద ఆర్.ఓ. నీళ్ళ క్యాన్లు మోశాడు. పక్కింటి దేవిశ్రీ రాగిని పీల్చే బొగ్గు ఫిల్టరు తెచ్చింది. నువ్వు ఫోన్‌లో ఆవిడకి చెప్తుంటే, ఆవిడ నాకు పలక మీద రాస్తుంటే, నేను ఉప్పు కలిపాను. సగం నీళ్ళు ఆ రోజు, మిగతాది మర్నాడు మార్చాం. నత్తలు ఒక్కొక్కటే లేచి గాజు ఎక్కడం మొదలుపెట్టాయి.

శనివారం పొద్దున్న చూస్తే రాయి పక్కన రొయ్య వెల్లకిలా పడి ఉంది. కాళ్ళు, మీసాలు అన్నీ ఉన్నాయి, కదలిక లేదు. నేను చూసి తల తిప్పేసుకున్నాను. మీ అత్త చూసి బావురుమంది. మా పెళ్ళయ్యాక ఆవిడ అలా ఏడవడం చూడలేదు. ఒక రొయ్య కోసమా అనిపించింది. పలక తెచ్చి ఆవిడ ఒళ్ళో పెట్టాను. రాసింది: "ఇవి పోతే నువ్వు మళ్ళీ గోడకేసి చూస్తూ కూర్చుంటావు."

నేను గోడకేసి చూస్తూ కూర్చునేవాణ్ణని నాకే తెలియదు ప్రిస్సీ. రిటైరైన దగ్గర్నుంచి అంతేనట. చెవులు పోయి, షాపు పోయి, మనిషి మందగించిపోతున్నాడు, సొంతూళ్ళో అక్క పక్కన ఉంటే తేరుకుంటాడని ఆవిడ ఇల్లు అమ్ముదామనుకుంది. సముద్రం ఆవిడకి కానే కాదు, నాకట. "మరి నీకు?" అని రాశాను. "ఉప్పుగాలికి నా బీరువా తుప్పు పడుతుంది. నాకు నా ఇల్లు, నా కరివేపాకు చెట్టు కావాలి" అని రాసింది. నేను పలక లాక్కుని, "నాకూ ఇదే కావాలి. నువ్వు పోకూడదనే ఇదంతా కట్టాను" అని రాశాను. అక్షరాలు వంకర పోయాయి. ఆవిడ చదివి, పలక గుండెకి ఆనించుకుని, నవ్విందో ఏడ్చిందో నాకు వినపడలేదు. రెండూ అనుకుంటాను.

ఈస్టర్ ఆరాధన నుంచి వచ్చి చూస్తే రాతి కిందనుంచి తెల్ల మీసాలు. ఆ వెనకే రొయ్య, మునుపటికంటే కాస్త పెద్దది, కొత్త ఎరుపులో. మేం ఏడ్చింది దాని కుబుసం చూసి! నువ్వు ముందే రాయొద్దూ, రొయ్య చొక్కా మారుస్తుందని? పాస్టరుగారికి కబురు చెప్తే వచ్చే ఆదివారం ప్రసంగంలో వాడుకుంటానన్నారు. మీ అత్త వద్దంది, దేవునితో రొయ్యకి పోలికేమిటని.

మధ్యాహ్నం మీ అత్త ఇల్లిల్లూ తిరిగి తన కుండీలన్నీ వెనక్కి తెచ్చుకుంది. అప్పలసూరి కరివేపాకు మొక్క ఇవ్వడానికి చాలా గింజుకున్నాడు. "ఇచ్చీసింది మళ్ళీ అడుగుతారేటి వదినా!" అన్నాడట. బదులుగా నా రాగి చుట్ట ఇచ్చాం. ఏం చేసుకుంటాడో నాకు తెలియదు, సంతోషంగానే పట్టుకెళ్ళాడు. తొట్టె ఉన్న గదిలో ఏ.సీ. పెట్టిస్తున్నాం.

మా అక్కకి నా మాటగా చెప్పు, కోప్పడవద్దని. నన్ను ఇసుకలో వదిలేసి వెళ్ళినదానికి ఇది చెల్లు.

మీ అత్త ఈ ఉత్తరంలో తనకీ చోటు ఉంచమంటోంది. చదవనివ్వడం లేదు.
బరువు దిగిన
మావయ్య

*

ప్రిస్సీ,

మీ అమ్మతో నేను మాట్లాడాను, కాసేపు అలిగి తర్వాత నవ్వేసింది. జూన్‌లో తనని చూడ్డానికి వస్తాం. ఆ కిటికీ ఇల్లు ఇంకెవరికైనా ఇచ్చెయ్యమను.

మీ మావయ్య పంపు గురించి బెంగపడుతుంటాడు, ఆగిపోతే తనకి వినపడదని. రోజుకి పదిసార్లు వెళ్ళి గాజు మీద చెయ్యి వేసి చూస్తాడు. దాని సంగతి నేను చూసుకుంటానని నువ్వూ ఒకసారి రాయి, నీ మాటైతే నమ్ముతాడు. నాకు వంటింట్లో ఉన్నా, పెరట్లో మొక్కలకి నీళ్ళు పోస్తున్నా వినిపిస్తుంది. ఇది రాస్తున్నప్పుడు కూడా వింటున్నాను. తిరుగుతోంది.

అత్త,
ఆనందకుమారి